ఆస్పత్రి ఫార్మసిస్టు, రోగి భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్పత్రిలో ఒక మందు రోగి ఒంట్లోకి చేరేలోపు చాలా చేతులు మారుతుంది. ఒకరు రాస్తారు, ఒకరు పరిశీలిస్తారు, ఒకరు సిద్ధం చేస్తారు, ఒకరు ఇస్తారు, ఇచ్చాక ఏమవుతోందో మరొకరు గమనిస్తారు. ఆ దారిలో ఫార్మసిస్టు ఎక్కడ ఉంటారు, ఏం చూస్తారు, ఎందుకన్ని ప్రశ్నలు వేస్తారు అని అడిగేవారి కోసం ఈ పేజీ. రోగులను, వారి వెంట ఉండేవారిని, వార్డులో కొత్తగా పనిలో చేరినవారిని దృష్టిలో పెట్టుకుని రాశాం. కింద చెప్పిన మోతాదులు లెక్క అర్థం కావడానికే. వాటిని చూసి ఎవరూ సొంతంగా మందు మార్చుకోవద్దు.

ఆస్పత్రి ఫార్మసిస్టు అంటే మందుల కౌంటరులో ఉండేవారేనా?

కౌంటరు ఆ పనిలో బయటికి కనిపించే భాగం. కనిపించని భాగమే పెద్దది. వార్డుల్లో రాసిన ప్రతి మందునూ రోగి వివరాలతో సరిచూడటం, డాక్టర్లతో పాటు రౌండ్లకు వెళ్లడం, డ్రిప్‌లో ఎక్కించే మందులను శుభ్రమైన గదిలో కలపడం, మందుల నిల్వ, చల్లదనం, గడువు తేదీలు చూడటం, దుష్ప్రభావాలను నమోదు చేయడం, ఇంటికి వెళ్లే రోగికి మందులు వివరించడం అన్నీ వారి పనే. పెద్ద ఆస్పత్రుల్లో వీటికి వేర్వేరు మనుషులుంటారు, చిన్నచోట ఒకరే అన్నీ చూసుకుంటారు.

ఐసీయూ రౌండ్లలో ఫార్మసిస్టు ఉంటే ఏం మారుతుందో 1999లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. మందు రాయడంలో పొరపాట్ల వల్ల కలిగే, నివారించదగిన హాని ప్రతి వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) 10.4 నుంచి 3.5కు తగ్గింది. ఫార్మసిస్టు చేసిన 366 సూచనల్లో 362ను డాక్టర్లు ఒప్పుకున్నారు. మందు రాస్తున్న సమయంలోనే పక్కన నిలబడి మాట్లాడటం వల్ల ఇది సాధ్యమైంది. రాసేశాక ఫోన్ చేసి మార్పించడం అంత తేలిక కాదు.

డాక్టరు రాసిన మందును ఇంకొకరు ఎందుకు పరిశీలించాలి?

డాక్టరు జబ్బు వైపు నుంచి మందు దగ్గరికి వస్తారు, ఫార్మసిస్టు మందు వైపు నుంచి రోగి దగ్గరికి వెళతారు. రెండు వైపుల నుంచీ చూస్తేనే మధ్యలో ఉన్న తేడా బయటపడుతుంది.

ఉదాహరణకు 78 ఏళ్ల మహిళ, బరువు 45 కిలోలు. కాలి రక్తనాళంలో గడ్డ ఉందని, రక్తం గడ్డకట్టకుండా చేసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ రాశారు. కిలోకు 1 మి.గ్రా. చొప్పున, 12 గంటలకోసారి. పుస్తకం ప్రకారం సరిగ్గానే ఉంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపే వ్యర్థం) 1.2. చూడటానికి అదీ పెద్దగా ఎక్కువేం కాదు. ఇక్కడే లెక్క కట్టాలి. 140లోంచి వయసు తీసేస్తే 62. దాన్ని బరువు 45తో హెచ్చిస్తే 2790. క్రియాటినిన్ 1.2ను 72తో హెచ్చిస్తే 86.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 32.3 వస్తుంది. మహిళ కాబట్టి 0.85తో హెచ్చించాలి. చివరికి తేలే కిడ్నీ వడపోత నిమిషానికి 27 మి.లీ. చిల్లర. కిడ్నీ వడపోత 30 కన్నా తగ్గితే ఈ ఇంజెక్షన్ చికిత్స మోతాదును రోజుకు ఒక్కసారికి తగ్గించాలి. తగ్గించకపోతే మందు ఒంట్లో పేరుకుపోయి, రక్తస్రావం మొదలుకావచ్చు. వయసు పైబడి కండ తగ్గినవారిలో క్రియాటినిన్ తక్కువగానే కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క అంకెను నమ్మకూడదు.

మోతాదుతో పాటు ఇంకా కొన్ని చూస్తారు. ఈ మందు ఈ జబ్బుకేనా? ఒకే మందు రెండు బ్రాండు పేర్లతో రెండుసార్లు పడిందా? రోగికి పడని మందా? ఇప్పటికే వాడుతున్నవాటితో పొసగుతుందా? అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చివరిది: రాయాల్సి ఉండి రాయనిది ఏదైనా ఉందా? మార్ఫిన్ మొదలుపెట్టి మలబద్ధకానికి ఏమీ ఇవ్వకపోవడం, మంచం దిగలేని రోగికి రక్తం గడ్డకట్టకుండా చూసే మందు మర్చిపోవడం తరచూ కనిపించేవే. కాగితం మీద ఉన్న తప్పు కంటికి తగులుతుంది. లేనిది వెతికితే తప్ప కనిపించదు.

కంప్యూటరే హెచ్చరిస్తుంది కదా?

హెచ్చరిస్తుంది, అదీ అవసరమే. చిక్కల్లా అది మరీ ఎక్కువగా హెచ్చరించడం. ప్రాణం తీసే జోడీకీ, పట్టించుకోనక్కర్లేని జోడీకీ ఒకే రకం పెట్టె తెర మీదికి వస్తుంటే కొన్నాళ్లకు చెయ్యి చదవకుండానే దాన్ని మూసేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే రోగికి మెట్రోనిడజోల్, కో-ట్రైమోక్సజోల్, ఫ్లూకొనజోల్ వీటిలో ఏది మొదలుపెట్టినా కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే పరీక్ష అంకె) పెరిగిపోవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మొదలుపెడితే సరిగ్గా వ్యతిరేకం. వార్ఫరిన్ పనితనం వారం, రెండు వారాల్లో బాగా తగ్గుతుంది. అందుకని వార్ఫరిన్ పెంచుతారు. తర్వాత రిఫాంపిసిన్ ఆపినప్పుడు దాని ప్రభావం కూడా అలాగే నెమ్మదిగా పోతుంది, పెంచిన వార్ఫరిన్ మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఆపిన మందు గురించి కంప్యూటరు అరుదుగా గుర్తుచేస్తుంది. ఆ తేదీని గుర్తుపెట్టుకుని మళ్లీ ఐఎన్ఆర్ చేయించమని చెప్పాల్సింది మనిషే.

చేరేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మంటారు. పేర్లు చెబితే చాలదా?

చాలదు. పేరు గుర్తున్నవారికి మోతాదు గుర్తుండదు. మోతాదు గుర్తున్నా ఎన్ని పూటలో తేడా వస్తుంది. డబ్బాలు, పట్టీలు, పాత చీటీలు అన్నీ సంచిలో వేసి తెచ్చేయండి. ఫార్మసిస్టు కనీసం రెండు ఆధారాలతో జాబితా తయారు చేస్తారు. రోగి చెప్పినది ఒకటి, మందుల పట్టీలు, పాత చీటీలు లేదా మందుల షాపు రికార్డు రెండోది. రెండూ కలవకపోతే మూడోది వెతుకుతారు.

చాలామంది మందులుగా లెక్కపెట్టనివి కొన్నున్నాయి. కంటి చుక్కలు, ఇన్‌హేలరు, ఇన్సులిన్, చర్మానికి అంటించే పట్టీలు, గర్భనిరోధక మాత్రలు, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, మూలికా మందులు, వారానికో నెలకో ఒకసారి వేసుకునేవి. వీటిని పేరు పెట్టి అడగాల్సిందే. గ్లకోమాకు వాడే టిమోలోల్ చుక్కలు ఆస్తమా ఉన్నవారిలో ఊపిరాడకుండా చేయగలవు. వాటిని ‘కంటి మందే కదా’ అని వదిలేయకూడదు.

వారానికోసారి మందుల్లో మెథోట్రెక్సేట్‌ది ప్రత్యేక స్థానం. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చేర్చుకునేటప్పుడు ఎవరైనా అలవాటుగా ‘రోజూ’ అని రాస్తే, కొద్ది రోజుల్లోనే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోతాయి. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే దాని పక్కన ‘సోమవారం మాత్రమే’ అన్నట్టు వారం పేరు రాయాలి, మిగతా ఆరు రోజుల గడులు కొట్టేయాలి.

ఈ సరిచూపు చేరేటప్పుడు ఒక్కసారి చేస్తే సరిపోదు. ఐసీయూ నుంచి వార్డుకు మారినప్పుడు, ఇంటికి పంపేటప్పుడు కూడా చేయాలి. మందులు జారిపోయేది ఎక్కువగా ఇలా చోటు మారేటప్పుడే.

‘ఆ మందు నాకు పడదు’ అంటే వెంటనే నమ్మరెందుకు?

నమ్ముతారు. కానీ ఏం జరిగిందో తెలియాలి. ఎప్పుడు వాడారు, వాడిన ఎంతసేపటికి, దద్దుర్లు వచ్చాయా, ముఖం వాచిందా, ఊపిరి ఆడలేదా, లేక వాంతులు, విరేచనాలేనా? వాంతి దుష్ప్రభావం, అలర్జీ కాదు. మందు ఇచ్చిన నిమిషాల్లో ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం అసలైన ప్రమాద సూచన.

పెన్సిలిన్ పడదని రికార్డులో ఉన్నవారిని సరిగా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దాన్ని తట్టుకోగలరు. తప్పు ముద్ర పడితే ఏమవుతుంది అంటారా? జీవితాంతం మంచి మందు దూరమై, దాని బదులు ఎక్కువ విషప్రభావం ఉన్నదో తక్కువ పనిచేసేదో వాడాల్సి వస్తుంది. అలాగని ఇంట్లో వేసుకుని చూడటం ఎవరూ చేయకూడదు. ఆ పరీక్ష ఆస్పత్రిలోనే జరగాలి.

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో మరో గందరగోళం ఉంది. దాన్ని వేగంగా ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. చాలాసార్లు ఇది వేగం వల్లే. 1 గ్రాము ఎక్కించడానికి కనీసం 60 నిమిషాలు పట్టాలి, మోతాదు పెరిగితే సమయమూ పెరగాలి. డ్రిప్ ఆపి, తగ్గాక నెమ్మదిగా ఎక్కిస్తే సాధారణంగా మళ్లీ రాదు. కేస్ షీటులో ‘అలర్జీ’ అని రాసే ముందు ఎంత వేగంగా ఎక్కించారో చూడాలి.

ఏ మందులతో మీకు ఎక్కువ భయం?

కొన్ని మందుల్లో చిన్న తప్పుకే పెద్ద హాని జరుగుతుంది. వాటికి విడిగా కట్టుదిట్టాలు ఉంటాయి.

పొటాషియం క్లోరైడ్ మొదటిది. 15 శాతం గాఢత ఉన్న 10 మి.లీ. ఆంప్యూల్‌లో సుమారు 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం) ఉంటాయి. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి అది మామూలు స్టెరైల్ నీళ్ల ఆంప్యూల్‌లాగే ఉంటుంది. అందుకే గాఢమైన ఆంప్యూళ్లను సాధారణ వార్డుల్లో అసలు ఉంచకుండా, ఫార్మసీలోనే కలిపి పంపడం మంచి పద్ధతి. చేతి నరం ద్వారా ఇచ్చేటప్పుడు సాధారణంగా లీటరుకు 40 మించనివ్వరు, గంటకు 10 దాటనివ్వరు. అంతకన్నా వేగంగా కావాలంటే గుండె మానిటరు పెట్టాలి. ఇంకో సంగతి. వేలాడుతున్న సెలైన్ సంచిలోకి పొటాషియం ఎక్కించి ఊరుకుంటే, బరువైన ఆ ద్రావణం అడుగుకు దిగి, మొదటి కొద్ది మిల్లీలీటర్లలోనే ఎక్కువ భాగం రోగిలోకి పోతుంది. సంచిని కిందికి దించి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి కలపాలి.

ఇన్సులిన్‌లో చిక్కు గాఢతది. మి.లీ.కి 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 గుర్తులున్న సిరంజితో 100 సీసాలోంచి ‘10’ గీత వరకు లాగితే వచ్చేది 0.25 మి.లీ., అంటే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. తలకిందులుగా చేస్తే 10 బదులు 4 యూనిట్లే పడతాయి. సీసా, సిరంజి జోడీ సరిపోయిందా అని ప్రతిసారీ చూడాలి. ఇన్సులిన్ కోసం మామూలు సిరంజి ఎప్పుడూ వాడకూడదు.

హెపారిన్ మి.లీ.కి 1000 యూనిట్ల సీసా, 5000 యూనిట్ల సీసా పక్కపక్కన పెడితే అయిదు రెట్ల పొరపాటుకు తలుపు తీసినట్టే. ఆపరేషన్లలో వాడే, కండరాలను స్తంభింపజేసే మందులు ఊపిరి ఆపేస్తాయి. వాటిని విడి పెట్టెలో, హెచ్చరిక చీటీతో ఉంచుతారు. క్యాన్సర్‌కు వాడే వింక్రిస్టిన్‌ను నరంలోకే ఇవ్వాలి. వెన్నులోకి వెళ్తే దాదాపు ప్రతిసారీ ప్రాణాంతకం. దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సంచిలో కలిపి పంపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఇదే. సంచిని వెన్నులోకి ఎక్కించాలని ఎవరి చెయ్యీ పోదు.

వీటన్నిటికీ ఇద్దరు సరిచూడాలన్న నియమం ఉంటుంది. మొదటివారు చేసిన లెక్కను రెండోవారు చూసి తలూపితే అది సరిచూపు కాదు. రెండోవారు మొదటి జవాబు చూడకుండా తామే లెక్కగట్టి, తర్వాత పోల్చాలి.

చీటీ రాతలో ఏ పొరపాట్లు ఎక్కువ?

సున్నాలు. 1.0 మి.గ్రా. అని రాస్తే చుక్క కనిపించక 10 అవుతుంది. సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. పూర్ణాంకం తర్వాత సున్నా వద్దు, చుక్కకు ముందు సున్నా తప్పనిసరి. యూనిట్లు అనడానికి ఇంగ్లిషు ‘యు’ ఒక్కటే రాస్తే అదీ సున్నాలా కనిపించి, 4 యూనిట్లు 40 అయిపోతాయి. పదం మొత్తం రాయాలి. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు అక్షరం మిల్లీగ్రాములా కనిపిస్తే తేడా వెయ్యి రెట్లు.

పేర్ల పోలిక రెండో చిక్కు. డోపమిన్, డోబుటమిన్. వింక్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. బీపీకి హైడ్రాలజిన్, దురదకు హైడ్రాక్సిజిన్. వీటి పేర్లలో తేడా ఉన్న అక్షరాలను లేబుల్ మీద పెద్దవిగా అచ్చువేస్తారు, అరల్లో దూరంగా పెడతారు. మా దృష్టిలో అన్నిటికన్నా చవకైన, గట్టి మందు ఒకటుంది: మందు పక్కన అది ఎందుకో రాయడం. ‘బీపీకి’ అని రెండక్షరాలుంటే దురద మాత్ర బయటికి రాదు.

ఫోన్‌లో చెప్పిన మోతాదును రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. పదిహేనా, యాభయ్యా అన్న అనుమానం వస్తే అంకెలు విడివిడిగా పలకాలి.

పిల్లల మోతాదుల్లో ఏం తప్పు జరుగుతుంది?

పెద్దల్లో దశాంశ చుక్క తప్పితే పది మాత్రలు లెక్కపెట్టాల్సి వస్తుంది, అక్కడే ఎవరికో అనుమానం వస్తుంది. పసిబిడ్డలో పదిరెట్ల మోతాదు కూడా ఒక్క సిరంజిలో పట్టేస్తుంది. అందుకే చూపు ఇంకా పదునుగా ఉండాలి.

నరంలోకి ఎక్కించే పారాసిటమాల్ మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. 8 కిలోల బిడ్డకు కిలోకు 7.5 చొప్పున 60 మి.గ్రా., అంటే 6 మి.లీ. ఎవరైనా 60 మి.లీ. అనుకుంటే బిడ్డకు 600 మి.గ్రా. వెళ్తుంది, కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి పిల్లల చీటీలో బరువు, కిలోకు ఎంత, మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మిల్లీలీటర్లు నాలుగూ ఉండాలి. నాలుగూ ఉంటే వాటిలో తప్పు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. బరువు ఈ రోజు తూచినదై ఉండాలి, కిలోల్లోనే ఉండాలి.

సిరప్‌లలో అదే మందు 5 మి.లీ.కి 120 మి.గ్రా.గా, 250గా దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 ఉండొచ్చు. ‘ఒక చెంచా’ అని ఎవరైనా చెబితే ఆగి, ఏ సీసాలోంచి, ఎన్ని మి.లీ. అని అడగండి. చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. నోటి సిరంజి అడిగి తీసుకోండి.

రెండు మందులను ఒకే డ్రిప్‌లో కలపవచ్చా?

ఫార్మసీని అడగకుండా కలపకండి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే స్ఫటికాలు కడుతుంది, సెలైన్‌లోనే ఇవ్వాలి. పెద్దవారికి నిమిషానికి 50 మి.గ్రా. దాటితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఫంగస్ జబ్బులకు వాడే యాంఫోటెరిసిన్ సరిగ్గా తలకిందులు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే విరిగిపోతుంది. ఈ మందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. లైపోసోమల్ రకానికి (మందును కొవ్వు పొరలో చుట్టినది) రోజుకు కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. మామూలు మోతాదు, పాత రకం రోజుకు కిలోకు 1.5 మి.గ్రా. దాటకూడదు. రకం చూడకుండా సీసా మారిస్తే ప్రాణం పోతుంది.

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, కాల్షియం కలిస్తే గట్టి కణాలు ఏర్పడతాయి. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. పెద్దవారిలో మధ్యలో గొట్టాన్ని బాగా కడిగి ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వవచ్చు. నరంలోకి కాల్షియం అవసరమైన 28 రోజుల్లోపు పసికందులకు మాత్రం వేరే గొట్టంలో కూడా సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో ఆ కణాలు చేరి చనిపోయిన శిశువులున్నారు.

ద్రావణం తేటగా ఉంది కదా అని ధైర్యపడకండి. కొన్ని మందులు కంటికి కనిపించకుండానే చెడిపోతాయి.

మాత్రను పొడి చేసి ముక్కు గొట్టంలో వేయవచ్చా?

కొన్నిటిని వేయవచ్చు, కొన్నిటిని ఎంత అవసరమైనా వేయకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. బీపీ మాత్రైతే బీపీ కుప్పకూలుతుంది. పేగుల్లో కరిగేలా పూత వేసినదాన్ని నూరితే కడుపులోని ఆమ్లానికి చెడిపోతుంది. క్యాన్సర్ మందులను వార్డులో నూరితే పొడి గాల్లో లేచి, నూరినవారికే హాని, గర్భిణులకు మరీ ప్రమాదం. ముందు ద్రవరూపం ఉందేమో ఫార్మసీలో అడగండి.

నూరదగిన మాత్రైతే మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, ఒక్కో మందూ విడిగా ఇవ్వాలి. పెద్దవారికి ముందు, తర్వాత 15 నుంచి 30 మి.లీ. నీళ్లతో గొట్టం కడగాలి. మందును ఆహారంలో కలపకూడదు. ఫెనిటాయిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి గొట్టం ఆహారంతో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు. ఫెనిటాయిన్‌కు ముందూ వెనకా గంట, రెండు గంటలు ఆహారం ఆపాలి.

రక్తంలో మందు స్థాయి పరీక్షకు సమయం అంత ముఖ్యమా?

సమయం రాయని ఫలితం పనికిరాదు. గుండెకు వాడే డిగాక్సిన్ వేసిన ఆరు గంటల్లోపు రక్తం తీస్తే స్థాయి ఎక్కువగా కనిపిస్తుంది, అనవసరంగా మందు ఆపేస్తారు. మందు ఎక్కుతున్న గొట్టంలోంచే నమూనా తీసినా అంతే. చివరి మోతాదు ఇచ్చిన గంట, రక్తం తీసిన గంట రెండూ రాయండి.

ఫెనిటాయిన్‌లో ఇంకో మెలిక ఉంది. ఇది రక్తంలో ఉండే ప్రొటీన్ అల్బుమిన్‌కు అంటుకుని తిరుగుతుంది. నివేదికలో 8 అని వచ్చింది, ఉండాల్సింది 10 నుంచి 20. తక్కువుందని మోతాదు పెంచేస్తారు. రోగి అల్బుమిన్ 2 అయితే, 8ని (0.2 × 2 + 0.1)తో, అంటే 0.5తో భాగించాలి. అసలు స్థాయి 16 కింద లెక్క. పెంచనక్కర్లేదు. పైగా ఈ మందును వదిలించుకునే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే. ఆ హద్దు దగ్గర 300 మి.గ్రా.ను 400 చేస్తే స్థాయి మూడో వంతు పెరిగి ఆగదు, ఎన్నో రెట్లు పెరిగి రోగి తూలిపోతాడు.

యాంటీబయాటిక్స్ విషయంలో ఫార్మసిస్టు ఎందుకు పట్టుబడతారు?

మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటలకు కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) నివేదిక చూసి, కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అని తేల్చాలి. ఆ ప్రశ్న అడగకపోతే మందు అలా సాగుతూనే ఉంటుంది. జ్వరం తగ్గి, రోగి మింగగలిగితే లెవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, మెట్రోనిడజోల్ లాంటివి మాత్రగా ఇచ్చినా ఇంజెక్షన్ అంతగానూ పట్టుకుంటాయి. నరంలో గొట్టం ఉండే ప్రతి అదనపు రోజూ మరో ఇన్‌ఫెక్షన్‌కు దారి.

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే సెఫజోలిన్ కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల్లోపు పడాలి. పెద్దవారికి సాధారణంగా 2 గ్రాములు, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మరో మోతాదు. చాలా ఆపరేషన్లకు 24 గంటలు దాటాక కొనసాగించడం వల్ల లాభం లేదు, నష్టం ఉంది.

ఫ్రిజ్ మందులు బయట ఉండిపోతే పారేయాలా?

వెంటనే పారేయకండి, వాడనూ వద్దు. విడిగా, చల్లని చోట పెట్టి, ‘వాడవద్దు’ అని చీటీ అంటించి, ఎంతసేపు, ఎంత వేడిలో ఉందో రాసి ఫార్మసీకి చెప్పండి. కంపెనీ సమాచారం చూసి వారు తేలుస్తారు. ఉండాల్సిన చల్లదనం 2 నుంచి 8 డిగ్రీలు. అయితే గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగి మామూలుగా కనిపించినా పనికిరాదు, దాన్ని పారేయాల్సిందే. తెరిచిన ఇన్సులిన్ సీసా మీద తెరిచిన తేదీ రాయండి. చాలా రకాలకు 28 రోజులే గడువు.

ఫార్మసిస్టు సొంతంగా మోతాదు మార్చగలరా?

సాధారణంగా లేదు. డాక్టరుతో మాట్లాడి మార్పిస్తారు. ఆస్పత్రి ముందే ఒప్పుకున్న పద్ధతి ఉన్నచోట, కిడ్నీ మోతాదు సవరణ లాంటివి చేయవచ్చు. అది ఒక్కో దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. ప్రమాదకరం అనిపించిన మందును స్పష్టత వచ్చేదాకా పంపకుండా ఆపడం మాత్రం వారి బాధ్యత. మీ మందు ఆలస్యమైతే చాలాసార్లు కారణం ఆ ఫోనే.

తప్పు జరిగితే ఏం చేయాలి?

ముందు రోగిని చూడాలి, డాక్టరుకు చెప్పాలి. తర్వాత సీసా, సిరంజి, సంచి పారేయకుండా దాచాలి. రోగికీ, కుటుంబానికీ దాచకుండా చెప్పాలి. ఆ తర్వాత నమోదు చేయాలి. రోగి దాకా చేరకుండా ఆగిన తప్పును కూడా నమోదు చేయాలి. హాని లేకుండానే లోపం ఎక్కడుందో అది చూపిస్తుంది. మనిషిని శిక్షిస్తే తర్వాతివారు దాచడం నేర్చుకుంటారు, ఒకేలా ఉన్న రెండు సీసాలు మాత్రం అదే అరలో పక్కపక్కనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ‘హాని లేని మందు’ లక్ష్యాన్ని ప్రకటించినప్పుడు, అయిదేళ్లలో తీవ్రమైన, నివారించదగిన హానిని సగానికి తగ్గించాలంది.

తప్పేమీ లేకుండానే వచ్చే దుష్ప్రభావాలనూ నమోదు చేయాలి. 1961లో థాలిడమైడ్ వల్ల శిశువులు అవయవ లోపాలతో పుడుతున్నారని బయటపడ్డాక, 1968లో కొన్ని దేశాలు కలిసి నమోదు చేసే కార్యక్రమం మొదలైంది. ఆ సమాచార నిధి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. కొత్త మందుపై అనుమానం చాలు, రుజువు దొరికేదాకా ఆగనక్కర్లేదు.

డిశ్చార్జి రోజు ఏమేం అడగాలి?

మూడు జాబితాలు అడగండి. కొత్తగా మొదలైనవి, మోతాదు మారినవి, ఆపేసినవి. మూడోదే చాలాసార్లు ఇవ్వరు. ఇంట్లో పాత డబ్బా అలాగే ఉంటుంది, రోగి రెండూ వేసుకుంటాడు. బ్రాండు పేరు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు కాబట్టి అసలు పేరు కూడా రాయించుకోండి.

ప్రతి మందుకూ ఎందుకు, ఎప్పుడు, పరగడుపునా తిన్నాకా, ఎన్నాళ్లు, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి, ఏం కనిపిస్తే వెంటనే రావాలి అని అడగండి. ‘ఎన్నాళ్లు’ అన్నది ముఖ్యం. ఐసీయూలో కడుపు పుండు రాకుండా మొదలుపెట్టిన ఆమ్లం తగ్గించే మాత్ర, అవసరం తీరాక కూడా ఏళ్ల తరబడి సాగుతుంటుంది. స్టెరాయిడ్ అయితే ఏ రోజు ఎంత తగ్గించాలో తేదీలతో రాయించుకోండి. కొన్ని వారాలు వాడాక ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

ఫార్మసిస్టు చెప్పాక ‘మీరు ఇంట్లో ఎలా వేసుకుంటారో చెప్పండి’ అని అడిగితే చిన్నబుచ్చుకోకండి. తాము సరిగా చెప్పారో లేదో చూసుకోవడానికే అలా అడుగుతారు. ఇన్‌హేలరు అయితే వారి ఎదుటే వాడి చూపించండి. బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చి, 10 సెకన్లు బిగబట్టాలి. రెండోసారికి అరనిమిషమైనా ఆగాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరు అయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గొంతుకే తగిలి ఊపిరితిత్తులకు చేరని మందు గురించి, ‘పనిచేయడం లేదు’ అని మోతాదు పెంచుకుంటూ పోవడం చాలా మామూలు. పీల్చే వేగం తగ్గించుకోలేకపోతే, చెయ్యీ ఊపిరీ కలవకపోతే, స్పేసరు (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టం) అడగండి.